అడవిపిల్లి కూన గీరింది, ఇంట్లో కోడలు గర్భిణి: ఏం చేయాలి?

ప్రశ్న: మాది పొదలకూరు మండలంలో ఓ పల్లె. పోయిన వారం మిషన్ పెట్టి వరి కోయిస్తుంటే చేను మధ్యలో అడవిపిల్లి కూనలు మూడు బయటపడ్డాయి. తల్లి మిషన్ చప్పుడుకు పక్క నిమ్మతోటలోకి పారిపోయింది. తొమ్మిదేళ్ల మా మనవడు ఒక కూనను చొక్కాలో చుట్టుకొని ఇంటికి తెచ్చాడు. గంప కింద పెట్టి ఆవుపాలు పోస్తున్నాం. మూడు రోజుల కిందట అది వాడి ముంజేతి మీద గీరింది. రక్తం పెద్దగా రాలేదు, చర్మం లేచి ఎర్రగా గీతలు పడ్డాయి. పసుపు, సున్నం పెట్టాను. కూనే కదా, దీనికి సూది ఎందుకులే అని ఊరుకున్నాం. మా కోడలికి మూడో నెల. అడవిపిల్లి ఉన్న ఇంట్లో కడుపు నిలవదని పక్కింటామె అన్నప్పటి నుంచి ఆ పిల్ల టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు. తల్లిపిల్లి రాత్రిళ్లు దొడ్లోకి వస్తోంది, రెండు కోళ్లు పోయాయి. కోడి పేగుల్లో పురుగుమందు గుళికలు కలిపి పెడతానని మా ఆయన అంటున్నాడు. మనవడేమో కూనను పెంచుకుంటానని ఏడుపు. అసలు అడవిపిల్లి వల్ల మనుషులకు జబ్బులు వస్తాయా? మేం ఏం చేయాలి?
- ఓ అత్తగారు, నెల్లూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటిలో ఒక్కటి మాత్రం ఆగే పని కాదు. అందుకే ఇది రాయడానికి ముందే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి, బాబును ఈ పూటే పీహెచ్‌సీకి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించమని చెప్పాను. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఆ సంగతే ముందు వివరంగా రాస్తున్నాను.

రేబిస్ అనగానే మనకు పిచ్చికుక్క గుర్తొస్తుంది. మన దేశంలో ఆ జబ్బు మనుషులకు వచ్చేది చాలావరకు కుక్క కాటు వల్లే, అందులో సందేహం లేదు. కానీ ఆ వైరస్ పాలిచ్చి పెంచే ఏ జంతువుకైనా సోకుతుంది. నక్క, ముంగిస, అడవిపిల్లి అన్నీ అందులోకే వస్తాయి. ఊరికుక్క, నక్క, అడవిపిల్లి తిరిగేది ఒకే చేలగట్ల మీద. ఎప్పుడు ఏది దేన్ని కరిచిందో మనకు తెలియదు. పిల్లి జాతి జంతువులు పంజా నాక్కుంటాయి కాబట్టి గోటి మీద ఎంగిలి ఉంటుంది. గీరితే ఆ ఎంగిలి చర్మం కిందికి పోవచ్చు. కాటు పడలేదు, గీతే కదా అనుకోవడానికి లేదు.

కుక్క కరిస్తే పది రోజులు గమనించమంటారు కదా, దీన్నీ అలాగే చూద్దాం అని మీ ఇంట్లో ఎవరైనా అనొచ్చు. ఆ పది రోజుల లెక్క ఇంటి కుక్కకు, ఇంటి పిల్లికి మాత్రమే. వాటి ఎంగిలిలో వైరస్ ఎన్నాళ్ల ముందు కనిపిస్తుందో పరీక్షల్లో తేలింది. అడవి జంతువుల విషయంలో ఆ లెక్క మీద ఆధారపడకూడదు. అందుకే మన దేశంలోని వైద్య మార్గదర్శకాల ప్రకారం అడవి జంతువు చేసిన గాయాన్ని మూడో కేటగిరీ కిందే చూస్తారు. అంటే అన్నిటికంటే తీవ్రమైన కేటగిరీ. దానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. దాన్ని గాయంలోనూ గాయం చుట్టూనూ ఎక్కిస్తారు. టీకా పని మొదలుపెట్టి ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా గాయం దగ్గరే వైరస్‌ను పట్టి ఆపడానికి ఈ మందు. మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు దీన్ని వేయించుకోవచ్చు. పీహెచ్‌సీలో లేకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి రాసిమ్మని అడగండి. "చిన్న గీతేగా" అని అక్కడ ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే, గీరింది అడవి జంతువు అని గట్టిగా చెప్పండి. ఓపీ చీటీ మీద కూడా అదే రాయించండి.

టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చర్మం పొరలో వేసే పద్ధతైతే మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు భుజాలకూ కొద్దికొద్దిగా వేస్తారు. కండకు వేసే పద్ధతైతే 0, 3, 7, 14, 28. పిల్లాడు కదా అని మోతాదు తగ్గించడం ఉండదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది, బాబును ఆ మాటలతో భయపెట్టొద్దు. పథ్యం కూడా ఏమీ లేదు. మాంసం, గుడ్డు, పెరుగు, వంకాయ అన్నీ తినొచ్చు.

మూడు రోజులైపోయింది, ఇప్పుడు వేయిస్తే లాభమేమిటని మీరు ఫోన్‌లో అడిగారు. లాభం ఉంది. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడు దాకా పోవడానికి మామూలుగా వారాలు, నెలలు పడుతుంది. అది అక్కడికి చేరేలోపు టీకా పని చేయాలి. ఒకసారి నీళ్లు చూస్తే భయం, గొంతు పట్టేయడం లాంటి లక్షణాలు మొదలయ్యాయంటే ఇక దాదాపు ఎవరినీ కాపాడలేం. అందుకే "చూద్దాంలే" అనే మాటకు ఇందులో చోటు లేదు. కూనకు ఏమైనా, అది బాగానే ఆడుకుంటున్నా, అడవిలోకి వెళ్లిపోయినా, ఆఖరి సూది దాకా పూర్తి చేయాల్సిందే.

గాయం సంగతి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఏదీ పెట్టకూడదు. సున్నం చర్మాన్ని కాల్చి గాయాన్ని ఇంకా లోతు చేస్తుంది. చేయాల్సింది కొళాయి కిందో, బోరు దగ్గరో చెయ్యి పెట్టి, ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగడం. పావుగంట అంటే మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువసేపు. పిల్లాడు రెండో నిమిషానికే చెయ్యి లాక్కుంటాడు, పట్టుకొని కడగాలి. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చెడగొడుతుంది. ఈ ఒక్క పని వల్లే ముప్పు చాలా తగ్గుతుంది. తర్వాత అయొడిన్ మందు రాయొచ్చు, కట్టు కట్టకుండా వదిలేయాలి. ఆ సున్నం మచ్చ ఇంకా ఉంటే ఇప్పుడైనా శుభ్రంగా కడిగి తీసుకెళ్లండి. కూనను ఎత్తుకున్న వాళ్లలో ఇంకెవరికైనా గీతలు పడ్డాయా, చేతిమీద పుండో, పగులో ఉన్నచోట అది నాకిందా, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగండి. మీ కోడలికి తగిలినా సరే టీకా వేయించాలి. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ అది సురక్షితమే.

అడవిపిల్లి గీరితే వచ్చేది రేబిస్ ఒక్కటే కాదు. బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా పిల్లుల ఒంటి మీద గెంతే సన్న పురుగుల ద్వారా ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి పోతుంది, గోటి ద్వారా మనిషికి వస్తుంది. గీరిన చోట చిన్న పొక్కు లేచి, ఒకటి నుంచి మూడు వారాల్లో ఆ వైపు చంకలో బిళ్ల కడుతుంది, కొద్దిగా జ్వరం ఉంటుంది. చాలామందికి అదే తగ్గిపోతుంది, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. బాబుకు అలా బిళ్ల కనిపిస్తే గడ్డ అనో, కణితి అనో కంగారుపడకుండా పిల్లి గీరిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల అక్కర్లేని పరీక్షలన్నీ చేయిస్తారు. కూనను హత్తుకున్న చోట గుండ్రటి తామర మచ్చ రావచ్చు, అది పూతమందుతో పోతుంది.

ఇంకో మాట. చేలో, పొదల్లో తిరిగే పిల్లాడికి జ్వరం వస్తే దాన్ని పిల్లి ఖాతాలో వేసి కూర్చోవద్దు. పొదల్లో ఉండే నలుసంత పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకలోనో, గజ్జల్లోనో, బెల్టు కట్టే చోటో నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో వెతకండి. నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో తగ్గే జబ్బు అది, ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మీ కోడలి విషయం. ఆ పిల్లతో ముందు ఈ మాట చెప్పండి: అడవిపిల్లి ఇంట్లో ఉన్నంత మాత్రాన, ఎదురొచ్చినంత మాత్రాన, ముట్టుకున్నంత మాత్రాన కడుపు పోదు. పక్కింటామె మాటలో నిజం ఎక్కడో ఒక మూల ఉంది గానీ, ఆమె అనుకున్న చోట లేదు.

ఆ మూల పేరు టాక్సోప్లాస్మా. కంటికి కనిపించని పరాన్నజీవి. ఎలుక, కోడి, మేక, పంది, మనిషి, ఎవరి కండలోనైనా తలదాచుకుంటుంది. కానీ అది గుడ్లలాంటి తిత్తులు పెట్టి బయటికి వదిలేది పిల్లి జాతి కడుపులో నుంచే. ఇంటి పిల్లి, అడవిపిల్లి, చిరుత, పులి అన్నీ ఆ జాతివే. ఈ సంగతి శాస్త్రవేత్తలకు తేలింది 1970 ప్రాంతంలో. పిల్లి జబ్బున్న ఎలుకనో, పిట్టనో తింటుంది. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని పెంటలో లక్షల కొద్దీ తిత్తులు పడతాయి. ఆ తర్వాత మామూలుగా ఆగిపోతాయి. పడిన తిత్తి వెంటనే సోకదు, మగ్గడానికి ఒకటి నుంచి ఐదు రోజులు కావాలి. మగ్గాక మాత్రం తేమ ఉన్న మట్టిలో ఏడాదికి పైగా బతుకుతుంది. అందుకే పిల్లి ఒంటిని తాకడం కంటే, పిల్లి ఎప్పుడో వెళ్లిన మట్టిని తాకి చెయ్యి నోట్లో పెట్టుకోవడమే ఎక్కువ ప్రమాదం.

మీ గంప కింద ఉన్న కూన ఇంకా పాల మీదే ఉంది, ఎలుకలు తినడం మొదలుపెట్టలేదు. అలాంటి కూన ఈ తిత్తులు వదిలే అవకాశం తక్కువ. చేల మీద వేటాడే తల్లి వదలొచ్చు. మీ వాకిట్లో తిరిగే ఊరి పిల్లులూ వదలొచ్చు, ఇంటి దగ్గర అవే ఎక్కువ. అంటే అడవిపిల్లి పోయినంత మాత్రాన మీ కోడలి జాగ్రత్తలు ఆగిపోకూడదు.

నీళ్ల ద్వారా ఇది ఎంతమందికి పాకుతుందో చెప్పడానికి రెండు ఊళ్లు చాలు. 1995లో కెనడాలోని విక్టోరియా నగరంలో వందమంది దాకా జబ్బు పడ్డారు. ఊరికి నీళ్లిచ్చే జలాశయం చుట్టూ తిరిగే ప్యూమాలు అనే పెద్ద అడవిపిల్లుల మీద, ఇంటి పిల్లుల మీద అనుమానం వచ్చింది. మన పక్క రాష్ట్రంలోనే, 2004లో కోయంబత్తూరులో ఉన్నట్టుండి కళ్లు మసకబారి ఆసుపత్రికి వచ్చిన వాళ్లలో దాదాపు 250 మందికి ఇదే జబ్బని తేలింది. అక్కడా అనుమానం ఊరికి నీళ్లిచ్చే ఒక జలాశయం మీదికే పోయింది. గర్భిణి ఉన్న ఇంట్లో కాలువ నీళ్లో, చెరువు నీళ్లో తాగే అలవాటుంటే కాచి చల్లార్చి ఇవ్వండి.

గర్భం మీద దీని ప్రభావం ఏమిటంటే, మొదటిసారి ఇది గర్భంతో ఉన్నప్పుడు సోకితేనే సమస్య. ఎప్పుడో చిన్నప్పుడు సోకి ఉంటే ఒంట్లో రక్షణ ఉంటుంది, మామూలుగా బిడ్డకు పోదు. తొలి నెలల్లో సోకితే బిడ్డకు చేరే అవకాశం తక్కువ గానీ చేరితే దెబ్బ పెద్దది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ మెదడుకు, కళ్లకు దెబ్బ తగలొచ్చు. చివరి నెలల్లో సోకితే బిడ్డకు ఎక్కువగా చేరుతుంది గానీ తీవ్రత తక్కువ. తల్లికి మాత్రం చాలాసార్లు ఏమీ తెలియదు, రెండు రోజుల జలుబులా పోతుంది.

డాక్టరమ్మతో పిల్లి సంగతి చెప్పి, టాక్సోప్లాస్మా రక్తపరీక్ష అవసరమా అని అడగండి. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, నేను పశువైద్యుణ్ని అయినా ఇది చెప్పకుండా ఉండలేను. ఈ పరీక్షలో ఐజీజీ, ఐజీఎం అని, జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే రెండు రక్షణ పదార్థాలను చూస్తారు. ఐజీఎం పాజిటివ్ వచ్చిందంటే జబ్బు ఇప్పుడే సోకిందని కాదు. అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా పాజిటివ్‌గానే ఉండొచ్చు. ల్యాబు కాగితం మీద ఆ ఒక్క మాట చూసి, ఇంట్లోవాళ్ల మాట విని కడుపు తీయించుకోవడానికి పోకండి. అవిడిటీ అనే ఇంకో పరీక్షతో అది పాతదా కొత్తదా అనేది చాలావరకు తేలుతుంది. కొత్తదే అయినా స్పైరమైసిన్ లాంటి మందులున్నాయి. ఆ నిర్ణయం స్త్రీల వైద్యురాలు చేయాలి.

ఇంట్లో చేయాల్సినవి మీ చేతిలోనే ఉన్నాయి. గంప కింద, దొడ్లో పిల్లి పెంట మీ కోడలు తీయకూడదు, మీరు తీయండి. ఏ రోజుది ఆ రోజే తీసి గుంటలో పూడ్చేస్తే తిత్తులు మగ్గే లోపే పోతాయి. ఎండిపోయిందాన్ని చీపురుతో ఊడ్చి దుమ్ము లేపొద్దు, నీళ్లు చల్లి తీయండి. మొక్కలకు పాదులు తీయడం, ఇసుకలో చేతులు పెట్టడం ఆ పిల్ల ఈ నెలల్లో మానేయాలి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి లాంటివి పచ్చిగా తినేటప్పుడు రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. మాంసం బాగా ఉడకాలి, ఉప్పు చూడడానికి పచ్చి కైమా నోట్లో వేసుకోకూడదు. నిజానికి చాలామందికి ఈ పరాన్నజీవి సరిగా ఉడకని మాంసం నుంచే వస్తుంది. పచ్చిమాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడిగాకే కూరగాయలకు వాడాలి.

ఇంకొకటి మీ కోడలిని అడగడానికి మొహమాటంగా ఉన్నా అడగండి. మన వైపు గర్భంతో ఉన్న ఆడపిల్లలకు మట్టి తినాలనిపించడం మామూలే. తడి గోడ వాసనకు నోరూరి చాటుగా గోడమట్టి, పుట్టమన్ను, బలపం తింటారు. ఎవరికీ చెప్పరు. పిల్లులు తిరిగే ఇంటి మట్టి నేరుగా కడుపులోకి పోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. దాంతో పాటు పిల్లి కడుపులోని నులిపురుగుల గుడ్లూ పోతాయి. తిట్టకుండా అడగండి. అలా తినాలనిపిస్తోందంటే చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువైందని అర్థం, హిమోగ్లోబిన్ చూపించి మాత్రలు క్రమంగా వేయించండి.

ఇక కూన. మీ ఆయన తల్లిపిల్లి రాత్రిళ్లు కోళ్ల కోసం వస్తోందని అనుకుంటున్నారు. కోళ్ల కోసమూ కావచ్చు. కానీ తేదీలు చూసుకోండి, అది రావడం మొదలైంది కూన మీ ఇంటికి వచ్చాకే అయితే, గంప కింద అరుస్తున్న బిడ్డ గొంతు దానికి వినిపిస్తోంది. వారం గడిచినా ఇంకా తిరుగుతోందంటే కూనను తల్లికి కలిపే అవకాశం ఉన్నట్టే. వెంటనే అటవీ శాఖ వాళ్లకు, అంటే మీ ప్రాంతపు బీట్ ఆఫీసర్‌కో, రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేయండి. మహారాష్ట్రలో జున్నరు వైపు చెరకు కోతల్లో దొరికిన చిరుత కూనలను, చిన్న అడవిపిల్లి కూనలను ఇలాగే కలుపుతారు. దొరికిన చోటే సాయంత్రం పూట కూనను ఒక పెట్టెలో పెట్టి, మనుషులు దూరంగా తప్పుకుంటారు. చీకటి పడ్డాక తల్లి వచ్చి మెడ పట్టుకొని తీసుకుపోతుంది. ఒక రాత్రి రాకపోతే మళ్లీ పెడతారు. వాళ్లు వచ్చేదాకా కూనను ఎవరూ ముద్దు చేయొద్దు. తీయాల్సి వస్తే మందపాటి గోనెసంచితో పట్టుకోండి. ఆవుపాలతో దానికి విరేచనాలు పడతాయి, ఏం పట్టాలో అటవీ శాఖ వాళ్లను గానీ, మీ పశువుల ఆసుపత్రి డాక్టరును గానీ అడగండి.

పెంచుకోవడం కుదరదని మనవడికి మీరే చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపిల్లిని పట్టుకోవడం, పెంచడం, చంపడం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, నాలుగైదు నెలలు తిరిగేసరికి అది ఇంటి పిల్లికంటే పొడవు కాళ్లతో, పెద్ద పంజాతో వేటాడే జంతువవుతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలకే మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటుంది. మనవడు ఇంకా చిన్నవాడే గానీ, కూన అమ్మ దాని కోసం రోజూ వస్తోందని చెబితే తొమ్మిదేళ్ల పిల్లాడికి అర్థమవుతుంది.

మీ ఆయనతో నేను ఫోన్‌లో మాట్లాడాను, ఆయన సరేనని అనలేదు కాబట్టి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. అయ్యా, ఆ గుళికలు మాత్రం పెట్టొద్దు. గుళికలు కలిపిన పేగులు అడవిపిల్లే తింటుందని ఏ హామీ లేదు. ఊరికుక్క తింటుంది, కాకి ఎత్తుకెళ్లి ఇంకొకరి నీళ్లతొట్టిలో వేస్తుంది, మీ కోళ్లే పొడుస్తాయి. మీ ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు. అడవిపిల్లి చస్తే చచ్చిన ఆ కళేబరాన్ని ఎత్తి పారేసేది కూడా మీరే. 2007లో అమెరికాలో గ్రాండ్ కేనియన్ పార్కులో పనిచేసే ఒక వన్యప్రాణి శాస్త్రవేత్త చచ్చిపడి ఉన్న ప్యూమాను కోసి పరీక్షించి, దాని నుంచి ప్లేగు సోకి చనిపోయారు. మన చేలల్లో ప్లేగు ఉందని చెప్పడం లేదు. చచ్చిన అడవి జంతువును, హైవే మీద బండి గుద్దిందాన్నైనా సరే, వట్టి చేతులతో ముట్టుకోకూడదని చెబుతున్నాను. గోళ్ల కోసమో, చర్మం కోసమో దగ్గరికి పోయేవాళ్లను ఆపండి.

పైగా అది మీకు చేస్తున్న పని కూడా చూడండి. రాజస్థాన్‌లోని సరిస్కాలో అడవిపిల్లుల పెంటను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఒక్కో పిల్లి రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకలను తింటుందని అంచనా కట్టారు. ఏడాదికి వెయ్యికి పైనే. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుక ఎంత నష్టం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎలుక మూత్రం పడిన మడిలో పగిలిన కాళ్లతో దిగితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల నొప్పి, కామెర్లు, ముదిరితే మూత్రపిండాలు పాడవుతాయి. మన జిల్లాలో నాట్లు వేసే ఆడవాళ్లకు, గట్లు చెక్కే మగవాళ్లకు అడవిపిల్లి కంటే ఎలుకతోనే ముప్పు ఎక్కువ. ఆ ఎలుకను జీతం లేకుండా పట్టేదాన్ని మందు పెట్టి చంపుకోవడం మనకే నష్టం.

కోళ్లు పోవడం మాత్రం చిన్న నష్టం కాదు, ఒప్పుకుంటాను. నాటుకోడి ఇప్పుడున్న ధరకు రెండు పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. చీకటి పడకముందే కోళ్లను గూట్లో వేసి మూయండి. వెదురు తడికలు చాలవు, పంజా దూరనంత చిన్న కళ్లున్న ఇనుప జల్లెడ కొట్టించండి. గూటి చుట్టూ నేలలోకి ఒక జానెడు దించితే ముంగిస తవ్వుకొని దూరలేదు. చాలాసార్లు కోడిని ఎత్తుకుపోయింది ముంగిసో, మానుపిల్లో అయి ఉంటుంది, నింద మాత్రం అడవిపిల్లి మీద పడుతుంది.

కోళ్ల మాట వచ్చింది కాబట్టి మీ మండలానికే సంబంధించింది ఒకటి. 2024 ఫిబ్రవరిలో మీ దగ్గరి చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు చచ్చి, అది బర్డ్ ఫ్లూ అని తేలింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వైరస్ పిల్లి జాతికి చాలా గట్టిగా తగులుతుంది. 2004లో థాయిలాండ్‌లో ఒక జంతుశాలలో పచ్చి కోడిమాంసం తిన్న పులులకు సోకి, చచ్చినవీ చంపాల్సి వచ్చినవీ కలిపి 147. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరెవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనితోనే చనిపోయాయి. పిల్లి నుంచి మనిషికి ఇది రావడం చాలా అరుదు. కోడి నుంచి రావడమే మనం చూడాల్సింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్న రెండేళ్ల పాప ఈ వైరస్‌తోనే చనిపోయింది. అడవిపిల్లికి, ఊరి పిల్లికి ఆ జబ్బు అంటించేది చాలాసార్లు మనమే, చచ్చిన కోడిని కాలువగట్టు మీద విసిరేసి. ఇకమీద మీ దొడ్లో ఒకేసారి కోళ్లు నాలుగైదు చస్తే విసిరేయకండి, వండుకోకండి. చేతులకు కవర్లు తొడుక్కొని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి, పశువుల ఆసుపత్రికి ఆ రోజే కబురు పెట్టండి. గడ్డిలో చచ్చిన పిల్లి, కాకి, కొంగ కనిపించినా చెప్పండి, వాళ్లకు అది చాలా అవసరమైన సమాచారం.

చివరగా మీ ఇంటి కుక్క. దాని గురించి ఉత్తరంలో రాయలేదు గానీ ఫోన్‌లో వెనక మొరుగుడు వినిపించింది, టీకా వేయించలేదని కూడా మీరే అన్నారు. చేలో అడవి జంతువులతో కలబడి, తిరిగి వచ్చి మనవడి పక్కన పడుకునేది అదే. అడవిపిల్లి నుంచి రేబిస్ మీ ఇంట్లోకి రావాలంటే దగ్గర దారి కూడా అదే. ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఈ వారంలోనే పొదలకూరు తీసుకెళ్లి అడగండి. ఒకసారి వేయించి ఊరుకోకుండా ఏటా వేయించాలి. కార్డు రాయించుకొని, బాబు సూదుల చీటీ పెట్టిన చోటే పెట్టండి.